పరిశోధక విద్యార్థి సభకెక్కిన కథ

(దక్షిణాంధ్ర తీరమున రసాయనశాస్త్రము: తొమ్మిదవ ప్రకరణము)

క్రిందటి ప్రకరణమున గూడూరు ప్రాంతపు అభ్రకపు గనులను గూర్చియు, ఆ గనులలో అభ్రకముతో పాటు బయటపడిన సమర్‌స్కైటు వంటి అరుదైన ఖనిజములను గూర్చియు ముచ్చటించుకొంటిమి. గనిలోని వస్తువు వెలుగు చూచుట యొక కథ. ఆ వస్తువును గూర్చి ప్రయోగశాలలో నొకడు తెలిసికొనిన సంగతి పదుగురి యెదుట పరీక్షకు నిలుచుట వేరొక కథ. ఈ రెండవ కథకు నాయకుడు పేరుమోసిన ఆచార్యుడే యని సామాన్యముగా తలతుము. శాలువలును పూలదండలును అతనికే దక్కును గనుక ఆ తలంపు సహజమే. కాని రసాయనశాస్త్ర సభల పూర్వోత్తరములను ఓపికతో తిరుగవేసిన వానికి తోచునదేమనగా, ఆ సభలను తలపెట్టినవారును, వానివలన మిక్కిలి లాభపడినవారును, తరచుగా ముప్పది యేండ్లకు అటునిటుగా నున్న యువకులు; అందు కొందరు డాక్టరు పట్టమైనను పుచ్చుకొననివారు. అట్టి పరిశోధక విద్యార్థి సభాభవనమున మొదట వెనుక వరుసలో కూర్చుండి, పిమ్మట వేదిక యెక్కి, కట్టకడపట తన కొరకే యొక సభను సంపాదించుకొనిన క్రమమును ఈ సంచికలో వివరింతును.

రసాయనశాస్త్రమున పరిశోధక విద్యార్థి యనువాడు పుట్టిన తావు జర్మనీలోని గీసెన్ పట్టణము. 1824లో ఇరువదియొక యేండ్ల యూస్టుస్ లీబిగ్ అచ్చటి విశ్వవిద్యాలయమున ఆచార్యుడై, విద్యార్థి ఉపన్యాసములు వినుటతో సరిపుచ్చక, తన చేతులతో విశ్లేషణము చేసి, లోకమునకు తెలియని సంగతి నొక్కదానినైనను తెలిసికొనవలెనను పద్ధతిని నెలకొల్పెను. 1831లో అతడు రూపొందించిన ఐదు బుడ్డల గాజు పరికరము వలన, సేంద్రియ పదార్థములోని కర్బనమెంతయో తూచి చెప్పుట, అంతకుముందు మహానిపుణులకే సాధ్యమైన పని, సామాన్య విద్యార్థికి అలవాటైన పని యయ్యెను. ఆ ఐదు బుడ్డలను పాఠకులు గుర్తుంచుకొందురు గాక. వాల్తేరునకు చేరిన పిమ్మట వానితో మరల పని కలదు.

ఆ గీసెనునకే వాస్తువిద్య చదువవచ్చి, లీబిగ్ ఉపన్యాసములకు లోబడి రసాయనమునకు మరలినవాడు ఆగస్టు కెకూలే. అతని కాలమున ఈ శాస్త్రము పడుచున్న పాట్లు ఇన్నన్ని కావు. పరమాణువనగా నేమి, అణువనగా నేమి, తుల్యభారమనగా నేమి యని అడిగినచో ఆచార్యున కొక్క సమాధానము. నీటి యందు ఉదజని పరమాణువు ఒకటియే యని కొందరు, రెండని కొందరు. ఒక్క ఎసిటిక్ ఆమ్లమునకే పందొమ్మిది సూత్రములు వ్యవహారమునందుండెనని కెకూలే తన పాఠ్యగ్రంథమున పట్టిక వేసి చూపెను. ఈ గందరగోళమును తీర్చుటకై అతడు, పారిస్ నుండి వుర్ట్స్, కార్ల్స్‌రూహెలోని వెల్ట్సీన్ అను మువ్వురు పూనుకొని, 1860 సెప్టెంబరు 3 మొదలు 5 వరకు కార్ల్స్‌రూహె పట్టణమున ఐరోపా రసాయనవేత్తలను సమావేశపరచిరి. రసాయనశాస్త్రమునకు అంతర్జాతీయ సభ యనదగినది అదియే మొదటిది. సుమారు నూటనలువది మంది వచ్చిరి. మూడు దినములు వాదించిరి. యే నిశ్చయమునకును రాకయే లేచిరి.

అంతటితో నిలిచినచో ఆ సభను చరిత్రకారులు తలచుకొనవలసిన పని యుండెడిది కాదు. సభ ముగియు వేళ, ఇటలీ నుండి వచ్చిన ఏంజెలో పావేసీ యను నతడు తన మిత్రుడు కన్నిజారో రచించిన చిన్న పుస్తకమును వచ్చినవారి చేతులలో పెట్టెను. అవగాద్రో చెప్పి అర్ధశతాబ్దిగా మూలబడియున్న సూత్రమును పట్టుకొని పరమాణు భారములను ఎట్లు స్థిరపరచవచ్చునో అందు నిరూపింపబడియుండెను. ఆ సభలో కూర్చున్న వారిలో హైడెల్‌బర్గున చదువుకొనుటకై రష్యా ప్రభుత్వము పంపిన యొక ఇరువదియారేండ్ల యువకుడు కలడు. కన్నిజారో వాదమును విని, అతడు ఆ ముచ్చటనంతను పీటర్స్‌బర్గులోని తన గురువునకు లేఖగా వ్రాసెను. పేరు ద్మీత్రీ మెండెలీవ్. డాక్టరు పట్టము అతనికి వచ్చినది 1865లో. అనగా ఆ సభా ఫలమును పదిలముగా ఇంటికి మోసికొనిపోయి, తొమ్మిదేండ్లకు మూలకముల ఆవర్తన పట్టికగా పండించినవాడు, నేటి మాటలో చెప్పవలెనన్న, ఇంకను పరిశోధక విద్యార్థియే. వేదికపై మూడు దినములు వాదించినవారి ప్రసంగములు నేడెవరికిని జ్ఞాపకము లేవు.

ఇక మన దేశమునకు వత్తము. భారతదేశమున విజ్ఞాన సభ నొకదానిని ఏటేట జరుపవలెనను ఊహ పుట్టినది ఇద్దరు ఆంగ్లేయుల మనస్సులలో. ఇద్దరును రసాయనశాస్త్ర బోధకులే. ఒకరు లక్నో కానింగ్ కళాశాలలోని మెక్‌మహన్. రెండవవారు మదరాసు ప్రెసిడెన్సీ కళాశాలలోని సైమన్సెన్. వీరు దేశమునందలి పరిశోధకులకు లేఖలు పంపి, అనుకూలమైన ప్రత్యుత్తరములు రాగా, 1912 నవంబరు 2వ తేదీన కలకత్తాలో పదునేడుగురితో సంఘమొకటి యేర్పడెను. మదరాసు నుండి కలకత్తాకు రైలుదారి గూడూరు, నెల్లూరు, బెజవాడల మీదుగా పోవునదే. మన ఉప్పు మడులను కిటికీలో నుండి చూచుచు ఎందరు శాస్త్రజ్ఞులు ఈ దారిని సాగిపోయిరో! అయినను నెల్లూరు స్టేషనులో దిగవలసిన కార్యము వారికి కలుగలేదు.

భారత విజ్ఞాన కాంగ్రెసు మొదటి సమావేశము 1914 జనవరి 15, 16, 17 తేదీలలో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ భవనమున, ఆశుతోష ముఖర్జీ అధ్యక్షతన జరిగెను. హాజరైనవారు 105 మంది. ఆరు శాఖలలో చదువబడిన పత్రములు 35. రెండవ సమావేశము 1915లో మదరాసున జరిగినది; అటుపై 1922, 1929, 1940 సంవత్సరములలో మరల మదరాసునకే వచ్చినది. 1929 సమావేశమునకు అధ్యక్షుడు చంద్రశేఖర వేంకట రామన్. నెల్లూరు నుండి నాలుగైదు గంటల రైలు ప్రయాణములో నున్న ఆ పట్టణమే మన తీరపు విద్యార్థికి శాస్త్రజ్ఞులు గుంపుగా కనబడదగిన చోటు. ఆ గుంపులో పరిశోధక విద్యార్థి పత్రము చాలవరకు గురువు పేరు వెంబడి చదువబడెడిది గాని, అతని కొరకై వేరు పీట వేయవలెనని ఆ దినములలో ఎవరికిని తోచలేదు.

తోచకపోవుటకు కారణము విద్యార్థుల అసమర్థత కాదు. 1919–20 ప్రాంతమున లండను యూనివర్సిటీ కళాశాలలో డాన్నన్ ఆచార్యుని చెంత పనిచేయుచుండిన జ్ఞానచంద్ర ఘోష్, జ్ఞానేంద్రనాథ ముఖర్జీ, శాంతిస్వరూప భట్నాగర్ అను మువ్వురు యువకులు, మన రసాయనవేత్తలు తమ ఫలితములను అచ్చు వేయించుకొనుటకు ప్రతిసారియు సముద్రము దాటి పంపవలసివచ్చుచున్నదే యని చింతించి, స్వదేశమున నొక రసాయన సంఘమును స్థాపింపవలెనని అచ్చటనే మాట అనుకొనిరి. తిరిగివచ్చిన పిదప ఆ మాటను వారు మరువలేదు. 1924లో కలకత్తాలో భారత రసాయన సంఘము వెలసెను. ఆచార్య ప్రఫుల్లచంద్ర రాయ్ దానికి ప్రథమాధ్యక్షుడయ్యెను. శిష్యులు పునాది త్రవ్వగా గురువు శిలాఫలకము నలంకరించెనని కొందరు వేళాకోళమాడవచ్చును గాని, ఆ గురువు ఆ శిష్యుల కొరకే జీవితమంతయు వెచ్చించినవాడు గనుక, ఆ ఫలకమున అతని పేరుండుటయే న్యాయము.

తెలుగునాట ఈ చరిత్రకు కేంద్రము వాల్తేరు. 1926లో బెజవాడలో నెలకొని, 1930లో వాల్తేరు చేరిన ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు, జయపురాధీశుడు విక్రమదేవవర్మ దాతృత్వము వలన విజ్ఞాన సాంకేతిక కళాశాల సమకూరెను. సర్వేపల్లి రాధాకృష్ణన్ ఉపాధ్యక్షులుగా నున్న కాలమున, 1933లో, రసాయన శాఖను నడపుటకు వచ్చినవారు టి.ఆర్. శేషాద్రి. కావేరీ తీరమందలి కుళిత్తలైలో 1900లో జన్మించి, మదరాసు ప్రెసిడెన్సీ కళాశాలలో బిమన్ బిహారీ డే వద్ద పరిశోధనకు ఓనమాలు దిద్ది, మాంచెస్టరులో రాబర్ట్ రాబిన్సన్ వద్ద డాక్టరు పట్టము పొంది, ఆస్ట్రియాలోని గ్రాట్స్ నగరమునకు పోయి ఫ్రిట్స్ ప్రేగ్ల్ చెంత సూక్ష్మవిశ్లేషణమును అభ్యసించి వచ్చినవాడాయన. ఈ చివరి విద్య యెంతటి విలువైనదో చెప్పవలెను. లీబిగ్ ఐదు బుడ్డల పద్ధతికి పదార్థము దండిగా కావలెను. ప్రేగ్ల్ పద్ధతికి కొలది మిల్లీగ్రాములు చాలును. గంపెడు పూలను ఎండబెట్టి వడగట్టినను చిటికెడు స్ఫటికములైనను చిక్కుట అనుమానమైన మొక్కల రసాయనమున, పేద విశ్వవిద్యాలయమునకు ఇంతకు మించిన వరము లేదు.

శేషాద్రి తన శిష్యులకు అప్పగించిన వస్తువులు ఆంధ్రదేశపు పెరళ్లలోనివి, పొలములలోనివి. కె. నీలకంఠముతో కలిసి పత్తిపూల రంగుల మీద ఆయన వెలువరించిన పరిశోధనలు ప్రసిద్ధములు. పిమ్మట గోగు జాతి పూలు, రాళ్లమీదను చెట్లమీదను పెరుగు లైకెనులు వంతుకు వచ్చెను. మనము గోంగూరను కోసి పచ్చడి నూరుకొని పూవును పారవేయుదుము. వాల్తేరు విద్యార్థి పూవునే కోరెను. ఎండిన పూలను వేడి ఆల్కహాలులో నానవేసి, ఆ సారమును చిక్కబరచి, మైనములను ఈథరుతో తొలగించి, నిలువ యుంచినచో పసుపువన్నె గ్లైకోసైడు స్ఫటికములుగా దిగును. దానిని సజల గంధకామ్లముతో మరగించినచో చక్కెర యొకవంక, ఫ్లేవనాల్ అను రంగుపదార్థ మొకవంక విడిపోవును. అటుపై ఆ రంగుపదార్థమునకు మిథైల్ సమూహములను తగిలించి, క్షారముతో విరుగగొట్టి, విరిగిన తునకలను బట్టి అణువునందు హైడ్రాక్సిల్ సమూహములెన్ని, ఎచ్చటెచ్చట నున్నవో నిర్ణయింపవలెను. నేడు యంత్రము కొలది నిమిషములలో తెలుపు విషయమునకు నాడు నెలలు పట్టెడిది. ఆ నెలల శ్రమ ముగిసిన నాడు ఆ విద్యార్థికి కావలసినది బహుమానము కాదు. తన నిర్ణయము తప్పైనచో తప్పని చెప్పగల నలుగురు.

ఆ నలుగురిని సమకూర్చుటలోనే శేషాద్రి తక్కిన ఆచార్యులకు భిన్నుడు. ఫలితము చేతికి రాగానే దానిని శిష్యుని పేరును చేర్చి అచ్చునకు పంపుట ఆయన వాడుక. 1934లో రామన్ స్థాపించిన భారత విజ్ఞాన అకాడమీ పత్రికలో వాల్తేరు పత్రములు వరుసగా వెలువడుచు వచ్చెను. ఎల్. రామచంద్రరావు, ఎస్. రంగస్వామి మున్నగువారు ఆ వరుసలో తయారైనవారే. వైశ్లేషిక రసాయనమున జి. గోపాలరావు వేరొక గురుకులమును నడపుచుండెను.

1942 ఏప్రిలు 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్టణము మీదను కాకినాడ మీదను బాంబులు వేసెను. విశ్వవిద్యాలయము గుంటూరునకు తరలిపోయెను. యుద్ధము ముగిసిన పిదప గాని వాల్తేరునకు మరల రాలేదు. గాజుసామాను కట్టలు కట్టి, రసాయనములను పెట్టెల కెక్కించి, పరాయి కప్పుల క్రింద పరిశోధన సాగించిన ఆ విద్యార్థుల అనుభవములను ఎవరును సమగ్రముగా వ్రాసియుంచకపోవుట మన చరిత్రకు పెద్ద వెలితి. 1949లో శేషాద్రి ఢిల్లీ విశ్వవిద్యాలయమునకు వెడలిపోయిరి. ఆయన జీవితకాలమున పట్టములు పొందిన పరిశోధక విద్యార్థులు శతాధికులు.

1967లో భారత విజ్ఞాన కాంగ్రెసు హైదరాబాదున సమావేశమైనపుడు ఆ శేషాద్రియే సర్వాధ్యక్షులు. తెలుగు గడ్డమీద తెలుగు శిష్యులను తీర్చిన ఆచార్యుడు తెలుగు రాజధానిలో దేశ శాస్త్రజ్ఞులందరికి పెద్దగా కూర్చుండుట చూడముచ్చటైన సన్నివేశమే. కాని అప్పటికి కాంగ్రెసు స్వరూపము మారిపోయినది. 105 మందితో మొదలైన సభ వేలమంది తిరునాళ్లయ్యెను. ప్రధానమంత్రి వచ్చుట, ప్రారంభోపన్యాసము, ప్రదర్శన, విందులు, వీని నడుమ శాఖా సమావేశమున పరిశోధక విద్యార్థికి దొరకునది గంట కొట్టువరకు కొన్ని నిమిషములు. జ్యోతి ప్రజ్వలనము ఆలస్యమైనచో ఆ ఆలస్యము మంత్రిగారి ప్రసంగమున కోతపడదు, విద్యార్థి నిమిషములలోనే కోతపడును. ఇది ఒక్క విజ్ఞాన కాంగ్రెసుకే చెందిన జబ్బు కాదు. మన దేశమున సభ యన్న ప్రతిదానికిని ఉన్నదే.

ఈ లోపమును కాంగ్రెసువారును గుర్తింపకపోలేదు. 1981లో వారణాసి యందు జరిగిన 68వ సమావేశము నుండి యువ శాస్త్రజ్ఞుల కొరకు వేరుగా నొక కార్యక్రమమును, దానికి పురస్కారములను ఏర్పరచిరి. దాదాపు ఆ కాలముననే గోడపత్రముల పద్ధతి మన సభలలో ప్రవేశించినది. విద్యార్థి తన పనినంతయు నొక పెద్ద కాగితముపై చిత్రించి, గోడకు తగిలించి, దాని ప్రక్కన నిలుచుండును. వచ్చిపోవువారు ఆగి ప్రశ్నింతురు. వేదికపై ప్రసంగము కన్న ఇది తక్కువదని భావించువారు కలరు. నా అభిప్రాయము వేరు. వేదిక యెదుట కూర్చున్నవాడు నిద్రపోవచ్చును. గోడపత్రము ముందు నిలిచినవాడు నిద్రపోజాలడు.

హైదరాబాదున ఈ మార్పు ఇంకను ముందునకు సాగినది. 1974లో స్థాపితమైన హైదరాబాదు విశ్వవిద్యాలయమునకు మొదటి ఉపాధ్యక్షుడు గురుబఖ్ష్ సింగ్ స్వయముగా రసాయనశాస్త్రజ్ఞుడు. అచ్చటి రసాయన విభాగమున గోవర్ధన్ మెహతా మున్నగువారు పెంచిన పరిశోధక సంప్రదాయమున, కెమ్‌ఫెస్ట్ అను వార్షిక గోష్ఠి వెలసినది. అందు వక్తలు ఆ విభాగపు పరిశోధక విద్యార్థులు, ఆచార్యులు శ్రోతలు. 1944లో నిజాం రాజ్యపు ప్రయోగశాలలుగా మొదలై, 1956లో కేంద్ర పరిశోధనా మండలి చేతికి వచ్చి, 1989 నుండి భారతీయ రసాయన సాంకేతిక సంస్థగా పిలువబడుచున్న తార్నాక సంస్థ యందు పరిశోధక విద్యార్థుల సంఖ్య కొన్ని విశ్వవిద్యాలయములను మించునది. సేంద్రియ రసాయనవేత్తల జాతీయ ట్రస్టువారు ఈ శతాబ్ది తొలి దశకమున జె-నోస్ట్ అను పేర పరిశోధక విద్యార్థులకే ప్రత్యేకించిన సభను ఏటేట ఒక్కొక్క ఊర జరుపుట ఆరంభించిరి. హైదరాబాదును దానికి ఆతిథ్యమిచ్చినది. దేశము నలుమూలల నుండి పట్టమునకు చేరువైన విద్యార్థులు వచ్చి, తమ పనిని తమ నోటనే వినిపించి, తమ యీడువారి ప్రశ్నలకు బదులు చెప్పుదురు. తోటివాడు వేసిన ప్రశ్నకు తప్పించుకొనుట కష్టము. ఆ ప్రయోగమున ఏ మెట్టు దగ్గర జారుదురో ఆ మెట్టు దగ్గరనే వాడును నిన్న జారియుండును.

మరి నెల్లూరు తీరము మాట యేమి? మదరాసు సమావేశములు గాక, విజ్ఞాన కాంగ్రెసు మనకు చేరువగా వచ్చినది రెండు పర్యాయములు, రెండును తిరుపతిలోనే. 1983లో జరిగిన 70వ సమావేశమునకు అధ్యక్షులు బి. రామచంద్రరావు, నాటి ముఖ్య చర్చనీయాంశము సముద్రము. 2017 జనవరిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయమున జరిగిన 104వ సమావేశమునకు, రైబోసోము నిర్మాణమును విప్పి చెప్పి 2009లో రసాయనశాస్త్ర నోబెలు బహుమానమందిన ఆడా యోనత్ వంటివారు విచ్చేసిరి. 2008లో విక్రమ సింహపురి విశ్వవిద్యాలయము వెలయువరకు నెల్లూరు కళాశాలలు ఆ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ పరిధిలోనివే గనుక, ఆ సభలను మనము పూర్తిగా పరాయివిగా తలంపనక్కరలేదు. అయినను విజ్ఞాన కాంగ్రెసు నెల్లూరున ఎన్నడును కూడలేదు.

రసాయనము మాత్రము ఈ తీరమున ఏనాటి నుండియో కాపురమున్నది. ఈశాన్య ఋతుపవనము వెనుదీసి జనవరి రాగానే ఇస్కపల్లి ప్రాంతమున ఉప్పు మడులు సిద్ధమగును. నీటి చిక్కదనము బోమే మానమున 25 డిగ్రీలకు వచ్చినపుడు ఉప్పు గింజకట్టుననియు, 30కి చేరువైనచో మెగ్నీషియము లవణముల చేదు దానిలో కలియుననియు మడిలో దిగినవారికి అనుభవమున తెలియును. 2022 వరకు మన జిల్లాలోనే యుండిన శ్రీహరికోటలో అమోనియం పెర్‌క్లోరేటును, రబ్బరు వంటి బంధక పదార్థమును, అల్యూమినియపు పొడిని కలిపి రాకెట్టుల ఘనేంధనమును పోత పోయుచున్నారు. 1980 జూలై 18న ఎస్.ఎల్.వి.-3 రోహిణి ఉపగ్రహమును కక్ష్యలో నిలిపినది నాలుగంచెలును ఘనేంధనముతోనే. ఇంత రసాయనమునకు నడుమ నుండియు, తన ఫలితమును వినిపించుటకు మన విద్యార్థి మదరాసునకో, వాల్తేరునకో, హైదరాబాదునకో మూట కట్టవలసివచ్చుచుండుట నాకు సమ్మతము కాదు.

కావున కాకుటూరులోని విక్రమ సింహపురి విశ్వవిద్యాలయము వారికిని, నెల్లూరు, కావలి, గూడూరు కళాశాలల అధ్యాపకులకును నా విన్నపము: ఉప్పు మడులు పనికి వచ్చు జనవరి మాసముననే, ఏటేట మూడు దినములు, పరిశోధక విద్యార్థులే వక్తలుగా, ప్రారంభోత్సవములేని రసాయన గోష్ఠి నొకదానిని ఈ తీరమున జరుపుడు. పాఠకులకు మరియొక మనవి కలదు. మీ యిండ్లలో పెద్దలు వ్రాసిన సిద్ధాంత గ్రంథములు గాని, పాత విజ్ఞాన కాంగ్రెసు పత్ర సంగ్రహములు గాని, గుంటూరు నాటి ప్రయోగశాల పుస్తకములు గాని ఉన్నచో పాత కాగితముల వానికి తూచి యీయక, దగ్గరి విశ్వవిద్యాలయ గ్రంథాలయమునకు చేర్చుడు. వచ్చు ప్రకరణమున ఇస్కపల్లి ఉప్పు మడుల చరిత్ర.